మా కంపెనీ స్టిక్కరు, నా అరికాలి మచ్చ

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. జగ్గయ్యపేటలో ట్రాక్టర్ స్పేర్ పార్టుల కొట్టు నడుపుతాను. నా మాటలు విని బోల్టు కొన్నవాడు వంతెన కొన్నంత సంబరంగా ఇంటికి వెళతాడు. ఈ కథలో మచ్చ గురించీ జబ్బు గురించీ మాత్రం కొలత తప్పను. మిగతాది నాలుగో వంతుకు దించి చదువుకోండి.

ఆ రోజు ఆదివారం. వసారాలో కూర్చుని కాలి గోళ్ళు తీసుకుంటున్నాను. నా గోళ్ళకి నెయిల్ కట్టర్ చాలదు, కొట్లోంచి కటింగ్ ప్లేయర్ తేవాలి. మేడ మీద వడియాలు పెట్టి దిగుతున్న మా ఆవిడ పద్మ ఆగిపోయింది.

"ఏంటండీ, అరికాలి కింద ఆ నలుపు?"

"జీడి మచ్చే. తుమ్మముల్లు దిగితే మీ అమ్మ పెట్టలా?"

మా వైపు ముల్లు గుచ్చుకున్న చోట జీడిగింజ కాల్చి చురక పెడతారు. ఆ నలుపు నెలల తరబడి ఉంటుంది. అందుకే పాదంలో మచ్చ కనిపిస్తే ఇక్కడ ఎవరూ కంగారుపడరు.

పద్మ నా కాళ్ళు రెండూ పట్టుకుని తిప్పి చూసింది. "అమ్మ పెట్టింది కుడి మడమకి. అది ఎప్పుడో పోయింది. ఇది ఎడమ కాలు."

నందిగామలో చర్మం డాక్టరమ్మ లైటున్న చిన్న భూతద్దం మచ్చ మీద ఆనించి చాలాసేపు చూసింది. దాన్ని డెర్మోస్కోప్ అంటారట.

"అంచులు సమంగా లేవండి. రంగు కూడా అంతటా ఒక్కటి కాదు. మెలనోమా కాదని తేల్చుకోవాలి. బయాప్సీ చేయించండి."

"చర్మ క్యాన్సరా? అది తెల్లోళ్ళకి కదండీ, ఎండకి వచ్చేది?"

"మనవాళ్ళకి ఎండ తగలని చోటే ఎక్కువ వస్తుంది. అరికాలు, అరచెయ్యి, గోరు కింద. విజయవాడకి రాసిస్తా. ఈ వారమే వెళ్ళండి."

వెళ్ళలేదు. ఎందుకంటే నేను చర్మ క్యాన్సర్ పరీక్ష తయారుచేస్తున్న కంపెనీలో వాటాదారుణ్ణి. టీ కొట్టు దగ్గర ఫోన్లలో షేర్లు చూసుకునే మా బృందంలో ఎవరో చెబితే కొన్నాను. మొత్తం కంపెనీలో నా వాటా ఎంతంటే, వాళ్ళ గేటు గొళ్ళేనికి ఒక స్క్రూ. అయినా "మా కంపెనీ" అనే అనేవాణ్ణి. మచ్చ మీద స్టిక్కర్ అంటించి, పీకి, ల్యాబ్‌కి పంపితే చాలు, కత్తి పెట్టకుండానే సంగతి తెలిసిపోతుంది. అదీ మా టెస్ట్. ట్రయల్స్ చివరి దశలో ఉన్నాయని ప్రకటన కూడా ఇచ్చారు.

"రేపో మాపో స్టిక్కర్ వస్తుంటే ఇప్పుడు కోయించుకోడం ఎందుకే?" అన్నాను పద్మతో. "సొంత కంపెనీని మనమే నమ్మకపోతే ఎట్టా?"

"మీ కంపెనీ మీ కాలు చూసిందా?" అంది.

స్టిక్కర్ విడుదల వాయిదా పడింది. మళ్ళీ పడింది. పొద్దున లేవగానే ముందు షేరు ధర, తర్వాత కాలు చూసుకునేవాణ్ణి. షేరు పెరిగిన రోజు మచ్చ చిన్నదైనట్టుండేది. పడిన రోజు కాలు మిల్లు రాయంత బరువయ్యేది.

ఒక ఉదయం పద్మ ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది. తొలిరోజే నా కాలికి ఫొటో తీసిందట. అరికాలి మీద అడ్డంగా ముడత గీత ఒకటుంది. ఫొటోలో మచ్చ దానికి ఇవతల ఉంది. ఇప్పుడు దాటేసింది.

తను ఏడవలేదు, అరవలేదు. "ఖాజాకి చెప్పా. కారు తెస్తున్నాడు. చొక్కా మార్చుకోండి."

ఖాజా అద్దె కారు నడుపుతాడు. పలక పట్టిన నాటి నుంచీ స్నేహితుడు. పరిటాల దగ్గర ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం కనిపించగానే కారు నెమ్మది చేశాడు. ఆ రోజు స్వామి మోకాళ్ళ దగ్గరే మబ్బులు ఆగిపోయి ఉన్నాయి.

"దణ్ణం పెట్టుకో బావా. ఏం కాదు. అయితే గియితే ఆ షేర్లు నా పేర రాయి, గొళ్ళెం స్క్రూ నేను చూసుకుంటా."

"నోరు మూసుకుని నడపరా," అన్నాను. వెనక సీట్లో పద్మ కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

విజయవాడ సర్జన్ నా కాలు చూసి, "ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?" అన్నారు. స్టిక్కర్ కథ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఆ రకం టెస్టుల గురించి చదివానండి. మంచి ఆలోచనే. కానీ అరికాలికి పనికిరాదు. ఇక్కడ చర్మం మందం, స్టిక్కర్‌కి పైపొరే ఊడొస్తుంది. మీ కంపెనీ చెప్పలేదా?"

వరండాలో కూర్చుని ప్రకటన మళ్ళీ తెరిచాను. చెప్పింది. అరచేతులకూ అరికాళ్ళకూ కాదని తేటతెల్లంగా రాసి ఉంది. నేను లాభాల పేజీ వరకే చదివి మూసేశాను.

బయాప్సీ చేశారు. రిపోర్ట్ కోసం కూర్చున్న ఆ రోజుల్లో పత్తి విత్తు నాటి, ఏరి, అమ్మి రావచ్చు. పద్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"మెలనోమానే," అన్నారు సర్జన్. "కానీ పల్చగా ఉండగానే దొరికింది. మచ్చ చుట్టూ ఇంకాస్త వెడల్పుగా కోసి తీసేసి, తొడ చర్మం తెచ్చి అక్కడ అతుకు వేస్తాం, గ్రాఫ్ట్ అంటారు. పాకితే ముందు చేరేది గజ్జలో గ్రంథికి, సెంటినెల్ నోడ్ అంటారు, దాన్ని తీసి పరీక్షిస్తాం. అక్కడికి పాకిందా లేదా అన్నది అప్పుడే చెప్పగలం."

థియేటర్లో మత్తు డాక్టరమ్మ "భయంగా ఉందా?" అని అడిగింది. "స్పేర్ పార్టు మార్చడమేగా, నాకు రోజూ ఉండే పనే," అన్నాను. గది గదంతా గొల్లుమంది. సర్జన్‌గారికి నవ్వు ఆగక కత్తి పక్కన పెట్టాల్సి వచ్చింది.

నోడ్ రిపోర్ట్ ఇంకా రాలేదు. కట్టు విప్పితే గ్రాఫ్ట్ అంచు నల్లగా ఉంది. ఆ నలుపు చూడగానే పద్మ గోడకి ఆనుకుంది. "మళ్ళీ వచ్చిందా డాక్టర్‌గారూ?"

"కాదమ్మా. ఆ కాస్త చర్మం పట్టలేదంతే. క్లీన్ చేస్తాం, మానుతుంది."

మానడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా రిపోర్ట్ వచ్చింది. "మార్జిన్స్ క్లియర్. నోడ్ నెగటివ్." కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదు, గజ్జలోకి పాకలేదు అని పద్మ ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కలూ డాక్టర్ చేత తెలుగులో మళ్ళీ చెప్పించుకుంది.

ఇప్పుడు మెత్తటి చెప్పులేసుకుని కొంచెం కుంటుతూ కొట్టుకి వెళుతున్నాను. చెకప్‌కి పిలిచినప్పుడల్లా ముందు రోజు అన్నం దిగదు. ఆ భయం ఇంకా పోలేదు. షేర్లు అమ్మలేదు. స్టిక్కర్ ఇంకా బజారులోకి రాలేదు. రావాలనే నా కోరిక. ఎవరి వీపు మీద మచ్చకో పనికొస్తుంది.

మీకు చెప్పేది ఒక్కటే. నెలకోసారి పగటి వెలుగులో మీ అరికాళ్ళు, గోళ్ళు ఇంట్లో ఇంకొకరికి చూపించండి. మన కాలి కింద ఏముందో మనకి కనపడదు.

ఇంతకీ ఇందులో కల్పించింది ఏదంటారా? గోళ్ళూ, మబ్బులూ మీరు ఎలాగూ నమ్మి ఉండరు. అసలు అబద్ధం థియేటర్లో జోకు. అక్కడ ఎవరూ నవ్వలేదు. భయంగా ఉందా అని అడిగిన ఆ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "మా ఆవిడ బయటే ఉందా అమ్మా?" అన్నాను. ఉందని చెప్పేదాకా వదల్లేదు.