మీసం చెక్కకముందే

మా ఇంటి వీరుడికి మీసం చెక్కబోతున్నారని తెలిసిన సాయంత్రం నేను మదనపల్లెలో టమాటా పచ్చడికి పోపు పెడుతున్నాను. ఫోన్ చేసింది మా మేనత్త. పెద్దపంజాణి దాటాక మా తాతల ఊళ్ళో ఒక పాత శివాలయం ఉంది. కూలిన మండపాలు, సగం పడిపోయిన ప్రాకారం, మధ్యలో కంపచెట్లు. ఆ ఆవరణలో ఒక మూల మేము తరతరాలుగా మా వీరుడని మొక్కుకునే నిలువు రాయి ఒకటుంది. దాన్ని పెరికేసి, ఆ చోట గుర్రమెక్కిన కొత్త విగ్రహాన్ని నిలబెడతారట. కుప్పంలో చెక్కిస్తున్నారట. గుర్రం పూర్తయింది, ఇక ముఖమే మిగిలింది.

"ఆ రాతిలో ఉండేది ఆడమనిషని ఎన్నేండ్లుగా మొత్తుకుంటాండాను. ఒక్కరన్నా ఇన్నారా? నువ్వు ఫోటో తీసి సూపీ పాపా. మీసం సెక్కినాక ఇంగ ఎవురు నమ్ముతారు?" అంది. పోపు మాడింది.

అత్తకు ఆ రాయి ఏమిటో నాకు తెలుసు. చిన్న వయసులోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. మూలన కూర్చోమన్నారు. కూర్చోలేదు. గొర్రెలు పెట్టుకుంది, కొండ వెంట ఒంటరిగా తిరిగింది, మందను తోలుకుపోవడానికి వచ్చినవాళ్ళకు ఎదురు నిలబడింది. అంత ధైర్యం ఎక్కడిదని అడిగితే గుడి వైపు చూపించేది. ఆ రాతిలోని ఆడమనిషి ఊరి ఆవుల కోసం దొంగలకు అడ్డం నిలబడిందని ఆమె నమ్మకం. మగవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆ రాయి పోయి మీసం వస్తే అత్త బతుకంతా ఆనుకున్న గోడ పోయినట్టే.

నాదేమో ఆదివారం వస్తే కెమెరా పట్టుకుని పాత రాళ్ళ వెంట పడే పిచ్చి. రాళ్ళకు పెళ్ళి ఫోటోలు తీస్తుందని మా ఆయన వెక్కిరింపు. ఆ పిచ్చిలో నేర్చుకున్నది ఒకటే. అరిగిన శిల్పాన్ని మధ్యాహ్నం చూస్తే అప్పడంలా చదునుగా ఉంటుంది. పొద్దు పొడిచేటప్పుడు పక్కనుంచి ఏటవాలుగా ఎండ పడితే గీత గీతా పైకి లేస్తుంది. ఆ ఎండ ఎక్కువసేపు ఉండదు. అందుకే చీకటితోనే బయల్దేరాలి.

కొత్త విగ్రహం పని నెత్తిన వేసుకున్నది మా పెదనాన్న కొడుకు. మంచివాడే, కానీ మీసం మీద మమకారం ఎక్కువ. ఫోన్ చేసి అడిగితే, "ఆదివారం దాకా ఆపిస్తాలేమ్మా. సోమారం మొగం మొదులుపెడతారు. ఆలోపల ఏమన్నా ఉంటే సూపించు" అన్నాడు.

శనివారం తెల్లవారకముందే బయల్దేరాను. పుంగనూరులో ఒక టీ తాగి, తూర్పు తెల్లబడేసరికి గుడి దగ్గరున్నాను. అన్న అప్పటికే అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. మా రాయి ఉత్తరం వైపు తిరిగి ఉంటుంది. తూర్పు ప్రాకారం పడిపోయింది కాబట్టి మొదటి ఎండ తిన్నగా దాని పక్కకు వచ్చి తగలాలి. అన్నీ కుదిరాయనుకుంటూ దగ్గరికి పోయి చూద్దును కదా, రాయే కనబడలేదు.

అత్త దాన్ని సింగారించేసింది. వేలెడు మందాన పసుపు, మైనంతో అతికించిన వెండి కళ్ళు, నిలువెల్లా ఆకుపచ్చ చీర, కనకాంబరాల దండ. పక్కన నిలబడి మురిసిపోతోంది.

"ఫోటో అంటే ఊరికేనా? పెండ్లికూతురి మాదిరి సేసినా సూడు."

నాకు తిక్క రేగింది. పెద్దామె అని కూడా చూడకుండా కసిరాను. అంతలో ఎండ వచ్చింది, పసుపు మీద ధగధగా మెరిసింది, చూస్తుండగానే పొద్దు పైకెక్కిపోయింది. తీసిన ఫోటోను అన్న తొంగి చూశాడు.

"దీంట్లో ఆడేమి, మొగేమి? పసుపుకొమ్ముకు సీర కట్టినట్టుండాది" అని నవ్వాడు.

ఆ నవ్వుతో నాకు పంతం ఎక్కింది. మా ఆయనకు ఫోన్ చేసి, రేపు దోసెలు ఆయనే పోసుకోవాలని చెప్పేశాను. అన్నతో, "రేపు పొద్దున్నే రా అన్నా. చూపించకుండా ఈ ఊరు దాటను" అన్నాను.

ఆ రోజంతా అత్తా నేనూ ఆ రాతికి తలంటు పోశాం. వేడినీళ్ళు, సీకాయ, మెత్తటి పాత పంచె. పసుపు కింద జిడ్డు, జిడ్డు కింద మసి, మసి కింద మళ్ళీ జిడ్డు. అన్న సాయం చేద్దామని కొబ్బరిపీచు తెచ్చాడు, లాక్కుని దూరంగా విసిరేశాను. గీసుకుపోతే మిగిలిన నాలుగు గీతలూ పోతాయి. నడుం విరిగిపోతున్నా అత్త లేవలేదు. వెండి కళ్ళు తీసినప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బోసిగా ఉండాది పాపా" అంది బాధగా.

"దాని కళ్ళు దానికి ఉంటాయిలే అత్తా" అన్నాను. ఉంటాయో లేదో నాకూ తెలియదు.

ఆదివారం పొద్దున మబ్బు పట్టింది. తూర్పంతా బూడిదరంగు. కెమెరా స్టాండు బిగించి కూర్చున్నాను. పక్కనుంచి టార్చి వేసి చూశాను, ఒక మూల వెలిగితే ఇంకో మూల చీకటి. అన్న ఆవలించాడు, గడియారం చూశాడు, మళ్ళీ ఆవలించాడు.

"ఎండ వచ్చేమాదిరి లేదమ్మా. నేను పోతాండాను. కుప్పంలో మేస్త్రీ కాసుకోనుండాడు."

"నువ్వు పోతే నేనూ నీ వెనకాలే కుప్పం వచ్చి, ఆ ఉలి ముందు కూర్చుంటా" అన్నాను. అన్నంత పనీ చేసేదాన్నే. ఆ సంగతి అన్నకు తెలుసు. కూర్చున్నాడు.

మబ్బు అంచు చిరిగింది. ఎండ నేల మీద పాకుతూ వచ్చి రాతి పక్కను తాకింది. ముందు జుట్టు పాపిట లేచింది, తర్వాత పక్కకు జారిన కొప్పు. రొమ్ము, నడుం, చీర కుచ్చిళ్ళు. మోచేతి దగ్గర వంగి పైకి లేచిన కుడిచెయ్యి. ఆ చేతి నిండా వరసగా గాజులు. అరచేతిలో గుండ్రటిది ఏదో ఉంది. గుర్రం లేదు, కత్తి లేదు, మీసం అసలే లేదు. సంతోషంతో చకచకా నొక్కుతున్నాను. అన్న ముందుకు వంగి చూశాడు.

అప్పుడు నాకు అర్థమైంది. ఇలాంటివి ఈ చుట్టుపక్కల చాలా చూశాను. ఎత్తిన చెయ్యి, నిండా గాజులు, చేతిలో నిమ్మకాయ. మాస్తికల్లు అంటారు. మొగుడి చితిలో కాలిపోయిన ఆడదానికి నిలబెట్టే రాయి. మూలన కూర్చోనన్న అత్త ఇన్నేళ్ళూ మొక్కింది, మొగుడితో పాటు నిప్పుల్లోకి పోయినామెకు.

నోరు మూసుకుంటే సరిపోయేది. ఆడమనిషే అని తేలింది, అందరూ ఇళ్ళకు పోవచ్చు. కానీ నిజం చూపిస్తానని అన్నను రెండు పొద్దులు కూర్చోబెట్టినదాన్ని, అత్త దగ్గర దాచిపెడితే నా మొహం నేనే చూసుకోలేను. చెప్పేశాను. చెబుతూ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

అత్త కెమెరా అడిగి తీసుకుంది. ఆ చిన్న తెర మీద బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత రాతి ముందుకు పోయి, అందులో ఉన్నట్టే తన కుడిచెయ్యి ఎత్తి నిలబడి చూసుకుంది.

"సచ్చేదానికి పోయేది సెయ్యి యాల ఎత్తుతుంది?"

"చేతిలో నిమ్మకాయ అత్తా. పుస్తకాల్లో అట్లనే ఉంది" అన్నాను.

"నీ పుస్తకం నీ కాడే పెట్టుకో. ఇట్లా రాయి పట్టుకోని సెయ్యెత్తి నేను నిలబడిన దినాలు నాకు తెలుసు." చెయ్యి దించింది. "కాలిండొచ్చులే పాపా. ఎవురన్నా తోసిండొచ్చు. ఈడ మాత్రం నిలబడే ఉండాది గదా."

నాకు ఏడుపొచ్చింది. పుస్తకం తప్పని ఇప్పటికీ అనను. అత్తది తప్పని అనడానికీ నోరు రాలేదు.

అన్న లేచి కాస్త దూరం పోయి కుప్పానికి ఫోన్ చేశాడు. "మేస్త్రీ, మీసం వద్దప్పా. మొగం ముట్టుకోవద్దు. గుర్రం ఇంకెవురికన్నా ఇచ్చుకో. పాత రాయిని కదిలించేది లేదు, దాని పక్కన ఇట్లాటిదే ఇంకొకటి కావల్ల. సెయ్యెత్తి, సేతిలో ఏందో పట్టుకోని నిలబడిండే ఆడమనిషి. ఫోటో తర్వాత పంపిస్తా." అవతల మాట విని నా వైపు తిరిగాడు. "సేతిలో ఉండేది ఏందని అడగతాండాడమ్మా. ఏం సెప్పల్ల?"

ఏదీ చెప్పలేక, ఉన్నది ఉన్నట్టు నిమ్మకాయంత గుండ్రంగా చెక్కమన్నాను.

"ఇంగ రోంత పెద్దదిగా" అంది అత్త.