కార్నర్ బిట్టు మదర్‌బోర్డు

చెల్లెలి మొదటి ఉద్యోగాన్ని, ఒక కంప్యూటర్ డబ్బాను, సొంత పరువును ఒకే శనివారం పూట ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలని ఉంటే కాసేపు కూర్చోండి. ముంచింది నేనే కాబట్టి వివరాలకు లోటుండదు.

అప్పట్లో నేను మొయినాబాద్‌లో ప్లాట్లు అమ్మేవాణ్ణి. ఇప్పుడూ అదే పని, కాకపోతే నోరు కొంచెం తగ్గింది. చిల్కూరు గుడికి వచ్చినవాళ్లను కూడా వదిలేవాణ్ణి కాదు. దేవుణ్ణి చూసి బయటికొస్తే చాలు, తీసుకుపోయి మా లేఅవుట్ చూపించేవాణ్ణి. రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని జాగా ముందు నిలబెట్టి "ఫ్యూచర్ ఉన్నదన్నా" అనేవాణ్ణి. ఆ ఒక్క మాట మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

మా చెల్లె స్వప్న నాకు పూర్తిగా ఎదురు. కొలవనిదే మాట్లాడదు. ఇళ్ల ప్లాన్లు గీయడం నేర్చుకుంది. చేవెళ్లలో ఒక ఇంజనీరు సారు సోమవారం పొద్దుటికల్లా ఒక ఇంటి ప్లాన్ గీసి తెమ్మన్నాడు. నచ్చితే ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఇస్తానన్నాడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో పాపం కంప్యూటర్ సామాను ఒక్కొక్కటే కొనుక్కుంది. మిగిలింది మదర్‌బోర్డు. తెలియనివాళ్లకు చెబుతున్నాను, అది కంప్యూటరుకు నేల లాంటిది. ప్రాసెసరూ మిగతావీ దాని మీదే కూర్చుంటాయి. చెల్లె నోట నేల అనే మాట వినపడగానే నేను రంగంలోకి దిగాను.

శుక్రవారం సిటీలో పనుంది, నేనే తెస్తానన్నాను. బిగించేది కూడా నేనే అన్నాను. ఎవరూ అడగలేదు. చెల్లె చిట్టీ మీద బోర్డు పేరు రాసి నా జేబులో పెట్టింది.

"గిదే తే అన్నా. ఇంకోటి ఎంత మంచిగ కనవడ్డా తేకు" అన్నది.

భూమి గురించి నాకే చెబుతోందని నవ్వుకున్నాను.

షాపులో ఆ చిట్టీ తీస్తే ఒట్టు. అద్దాల వెనక వరసగా బోర్డులు. సన్నగీతల రోడ్లు, మధ్యన ప్లాట్ల బిట్లు, మూలన పార్కు. ఎక్కడ చూసినా నాకు లేఅవుట్ మ్యాపులే కనిపించాయి. అన్నిట్లోకీ పెద్దది తీయమన్నాను. ప్రాసెసర్ కూర్చునే చోటు ఈశాన్యంలో పడుతుందా అని కూడా అడిగాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. గొప్పగా చెప్పాను. అంతే, ఆయన చాయ్ తెప్పించాడు.

"ఖాళీ జాగాలు చూడన్నా. రేపు ఏది పెంచుకోవాలన్నా పెంచుకోవచ్చు" అని, మెల్లగా వదిలాడు. "ఫ్యూచర్ ఉన్నది."

తాడిని తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. నన్ను తన్నినవాడు ముందు చాయ్ తాగించాడు.

శనివారం చెల్లె ట్యూషన్‌కు వెళ్లగానే పని మొదలుపెట్టాను. బోర్డు కంప్యూటర్ రేకు డబ్బాలో పట్టలేదు. రెండంగుళాలు పొడుగు. బుద్ధున్నవాడైతే అప్పుడైనా చిట్టీ విప్పేవాడు. నాకు తెలిసింది ఒకటే, జాగా చాలకపోతే ప్రహరీ జరపడం. డబ్బాను చంకన పెట్టుకుని, గేట్లు చేసే వెల్డింగ్ యాదన్న దగ్గరికి పోయి రెండంగుళాలు పెంచమన్నాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"కోళ్లకా?"

"కంప్యూటరుకే అన్నా."

"ఏం లేదు, కోళ్లకైతే గాలాడనీకి ఇంకిన్ని తొర్రలు పెడ్త" అన్నాడు.

డబ్బా అడుగుభాగం కోసి, గేటు రేకు అతికించి, మిగిలిన ఆకుపచ్చ రంగు కూడా పూసి ఇచ్చాడు. బోర్డు పట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. తర్వాత ప్రాసెసర్ వంతు. అది దాని గూట్లో కూర్చోనంటుంది. తిప్పి పెట్టాను, ఊది పెట్టాను, చివరికి బొటనవేలితో గట్టిగా నొక్కాను. లోపల సన్నగా కరకరమంది. ప్రాసెసర్ కూర్చోలేదు, కరెంటు ఎక్కలేదు, అన్న పేరు ఇంజనీరు.

అప్పుడే చెల్లె వచ్చింది. ఆకుపచ్చ డబ్బాను చూసింది, బోర్డును చూసింది.

"చిట్టీ ఏదన్నా?"

జేబులోనే ఉంది, మడత కూడా విప్పకుండా. ఒక్కో రకం ప్రాసెసరుకు ఒక్కో రకం గూడు ఉంటుందట. తనది ఈ గూడు కాదట. నేను నొక్కిన నొక్కుడుకు బోర్డు గూట్లోని సన్నని పిన్నులు వంగిపోయాయి. ప్రాసెసర్ మాత్రం ఎలాగో బతికింది.

"ఎల్లుండి సారుకు ఏం చూపియ్యాలె? ఈ గేటా?" అని, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఆదివారం షాపు తీసే వేళకు గుమ్మంలో ఉన్నాను. వాపస్ తీసుకోమని బతిమాలాను. షాపాయన వంగిన పిన్నులను చూశాడు, నన్ను చూశాడు.

"రిజిస్ట్రేషన్ అయినంక ఎవరన్న వచ్చి ప్లాటు వాపస్ తీసుకో అంటే, నువ్వు తీసుకుంటవా అన్నా?"

తీసుకోను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కొత్త ఫోను ఆశ వదులుకుని చిన్న బోర్డు కొన్నాను. ఈసారి నా నోటిని నమ్మలేక చిట్టీని ఆయన చేతికే ఇచ్చాను.

చెల్లె సాయంత్రానికల్లా దాన్ని బిగించేసింది. నన్ను స్క్రూడ్రైవర్ ముట్టుకోనివ్వలేదు, టార్చి పట్టుకోమంది. పట్టుకున్నాను. సోమవారం ప్లాన్ చేవెళ్ల చేరింది, సారుకు నచ్చింది. ఇప్పుడు నా ఆఫీసులోనే సగం చెల్లెది. బల్ల మీద ఆ గేటు డబ్బా, గోడకు నేను చెడగొట్టిన ఆ పెద్ద మదర్‌బోర్డు. మేకు కొట్టి తగిలించింది చెల్లే, నాకు యాది ఉండాలని.

మొన్న జన్వాడ నుంచి ఒక పటేల్ వచ్చాడు. నేను మ్యాపులు పరిచి చెబుతుంటే ఆయన చూపంతా గోడ మీదే ఉంది. లేచి దగ్గరికి పోయి, కళ్లజోడు సవరించుకుని వేలితో రోడ్లు లెక్కపెట్టాడు.

"గీ వెంచర్ మంచిగున్నది. ఏడ ఇది? కార్నర్ బిట్టు దొరుకుతదా?"

ఆ పాత ‘ఫ్యూచర్’ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్క బల్ల దగ్గర చెల్లె తలెత్తింది. మింగేశాను.

"అది అమ్ముడుపోయింది పటేలా. కొన్నది నేనే."

కాబట్టి ఆకుపచ్చ డబ్బా మీద చెయ్యి వేసి, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. చెల్లె రాసిన చిట్టీ విప్పి చదవకుండా ఈ జన్మలో మదర్‌బోర్డు కాదు కదా, పావుకిలో పచ్చిమిర్చి కూడా కొనను.