టకటకయ్య గారి కుడి చెవి

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయనకు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఊరంతటికీ ఆయన టకటకయ్య గారు. నగరపాలక సంస్థ తోటల విభాగంలో ఉద్యోగం. బస్టాపుల దగ్గరా బడి గేట్ల దగ్గరా ముసలి చెట్లు ఎండిపోతూ ఉంటే, అవి జనం మీద పడతాయా పడవా అని తేల్చి చెప్పడం ఆయన పని. చేతిలో చెక్క సుత్తి, జేబులో మూడు రంగుల సుద్దముక్కలు. మాను చుట్టూ తిరుగుతూ మొదలు నుంచి భుజం ఎత్తు దాకా కొట్టి, చెవి ఆనించి వింటాడు. గట్టి మాను 'టక్' అంటుంది. లోపల డొల్లయిన మాను 'డొబ్' అంటుంది. ఉంచదగ్గ చెట్టుకు ఆకుపచ్చ గీత, కొమ్మలు తగ్గించాల్సినదానికి పసుపు, కొట్టెయ్యాల్సినదానికి ఎరుపు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆకుపచ్చ గీసిన చెట్టు ఒక్కటీ ఎవరి మీదా పడలేదు. ఈ సంగతి ఆయన వినయంగానే చెప్పేవాడు. కాకపోతే రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు.

ఆయన భార్య పింగాణీ సామాన్ల దుకాణంలో పనిచేస్తుంది. పెట్టెల్లో వచ్చిన కప్పుల్నీ గిన్నెల్నీ ఒక్కొక్కటే వేలి కణుపుతో కొట్టి చూసి, కంటికి ఆనని పగులును కూడా పట్టేస్తుంది. మంచి మాటకారి. అలాంటిది ఈమధ్య ఇంట్లో మాటలు బాగా తగ్గించింది. వయసుతో పాటు శాంతం వచ్చిందనుకుని ఆయన లోలోపల సంతోషించాడు. అవతలివాళ్ళు చెప్పేది సరిగా వినబడటం లేదని రెండేళ్ళలో రెండు ఫోన్లు మార్చాడు. ఫోన్లు తయారుచేసేవాళ్ళంటే ఆయనకు బొత్తిగా గౌరవం లేదు.

ఆ రోజు పొద్దున ఇద్దరూ ఆసుపత్రి బస్టాపులో దిగారు. ఆవిడ అక్కడ ఇంకో బస్సు ఎక్కాలి. బెంచీల నిండా రోగులు, వాళ్ళ చుట్టాలు, బుట్టలతో పళ్ళమ్మేవాళ్ళు. వాళ్ళందరికీ నీడనిస్తున్న నిద్రగన్నేరుకు తల ఎండింది, ఆకు చిన్నదైంది. టకటకయ్య గారు అలవాటు ప్రకారం కుడి చెవి ఆనించి మాను చుట్టూ కొట్టుకొచ్చాడు. తృప్తిగా తలూపి ఆకుపచ్చ సుద్ద తీశాడు.

"ఏమండీ, అది పగిలిన కప్పులా పలుకుతోంది," అంది ఆవిడ బెంచీ మీంచి.

ఆయన తన పాటికి తాను గీత మొదలుపెట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆవిడ విసురుగా లేచొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ మళ్ళీ కొట్టండి."

"కప్పులకీ చెట్లకీ పోలికేంటే? ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది."

"సర్వీసు మీది, చెవులు నావి. కొట్టండి."

ఆయన కొట్టాడు. టక్ అనే వినిపించింది. ఆవిడ ఆయన గడ్డం పట్టుకుని, పిల్లాడికి తల దువ్వేటప్పుడు తిప్పినట్టు మొహం అటు తిప్పి, ఎడమ చెవి మానుకు ఆనించింది. ఈసారి కొడితే 'డొబ్' అంది. ఆయన సంచీలోంచి కన్నం వేసే సన్న బరమా తీసి మానులోకి తిప్పాడు. ముందు రెండు వేళ్ళ మందాన తెల్లటి పొట్టు వచ్చింది, తర్వాత నల్లటి తడి పొడి వచ్చింది, ఆ తర్వాత బరమా గాలిలోకి పోయినట్టు పోయింది.

పావుగంటలో బెంచీలన్నీ ఖాళీ చేయించి, చుట్టూ తాడు కట్టి, బస్సుల్ని అవతలి గోడ దగ్గర ఆపించాడు. అప్పుడు ఆ గోడ పక్కన కూర్చున్నాడు. తప్పు ఫోన్లది కాదు. చెవి చెడింది ఏ నెలలోనో తెలియదు. ఈ రెండేళ్ళలో ఆయన ఆకుపచ్చ గీసినవి అరవై నాలుగు చెట్లు, ప్రతిదాని కిందా జనం. ఈ ఒక్కదానికి ఎరుపు గీసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే మాత్రం సుత్తి లాక్కుని కాగితాల బల్ల ముందు కూర్చోబెడతారు. సుత్తి లేకపోతే ఆయన ఎవరు?

ఆవిడ బస్సు వదిలేసి పక్కనే కూర్చుంది. కాసేపటికి ఆయనే లేచి ఆఫీసుకు నడిచాడు, వెనకాలే ఆవిడ.

పై అధికారిణి ఆయన పెద్దకూతురి ఈడుది. ఆయన సుత్తి తీసి ఆమె బల్ల మీద పెట్టి, నీళ్ళు నమలకుండా చెప్పేశాడు. "మేడమ్, నా కుడి చెవి పనిచెయ్యట్లేదు. నేను బాగున్నాయని రాసినవి అరవై నాలుగు, అన్నీ మళ్ళీ చూడాలి."

"ఎవరు చూస్తారండీ? మీలా వినేవాళ్ళు మన ఆఫీసులో ఇంకెవరున్నారు?"

"ఎడమది బాగానే ఉంది మేడమ్. కుడిదానికి బదులు మా ఆవిడ ఉంది."

అధికారిణి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిణ్ణి చూసి నవ్వేసింది. "ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అనుమానం వచ్చిన ప్రతి చెట్టుకూ బరమా వెయ్యండి. ఆ సుత్తి పట్టుకెళ్ళండి, నా బల్ల మీద చోటు లేదు."

ఆవిడ దుకాణానికి సెలవు పెట్టింది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ కలిసి అంత దూరం ఎప్పుడూ నడవలేదు. ఆయన కొడితే ఆవిడ వినడం, ఆవిడ కొడితే ఆయన వినడం, ఇద్దరి మాటా కలవకపోతే బరమా తీర్పు. నెగ్గిన చెట్టు కిందే డబ్బా విప్పి అన్నం తినేవాళ్ళు. చెట్టుకు చెవి ఆనించిన ఆవిణ్ణి చూసి ఒక కూరగాయలావిడ, "చెట్టుకేమైనా జ్వరమా?" అని అడిగింది. "లేదమ్మా, ఒట్టి వయసే," అని ఆవిడ ఆయన వంక చూసింది. అరవై నాలుగులో నాలుగే తప్పాయి. మూడింటికి బరువు కొమ్మలు తీయించారు. బడి గేటు దగ్గరిదాన్ని, ఆసుపత్రి నిద్రగన్నేరుతో పాటు, కొట్టించక తప్పలేదు. కోసి పడేశాక బడి చెట్టు బోదెలో మనిషి కూర్చునేంత తొర్ర ఉంది. దాన్ని చూసిన రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు.

చివరి చెట్టు నాటికి కుడి చెవికి వినికిడి మిషన్ వచ్చింది. ఆయన కుడి చెవే ఆనించి కొట్టాడు. టక్. మొహం చేటంత చేసుకుని ఇంకో దెబ్బ కొట్టాడు. వెనకాల ఆవిడ సంచీ భుజం మార్చుకుంటూ, బదులు వస్తుందన్న ఆశేమీ లేకుండా తనలో తాను అనుకుంది. "కాళ్ళు పీకేస్తున్నాయి. ఇంటికెళ్తే బాగుండు."

"అయిపోయింది, వెళ్దాం. ఆ సంచీ ఇటివ్వు," అన్నాడాయన, తల తిప్పకుండానే.

సంచీ చేతికి రాలేదు. తిరిగి చూస్తే ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

"ఏమైందే?"

"వెనకనుంచి నేనన్న మాటకు మీరు బదులు పలికి రెండేళ్ళయింది. నేనంటే విసుగొచ్చి పలకడం లేదనుకున్నా. అందుకే చెప్పడం మానేశా."

ఆయన సుత్తి కింద పెట్టాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని చెట్టు కింద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాడు, కుడి చెవి ఆవిడ వైపు ఉండేలా.

"ఆ రెండేళ్ళలో చెప్పాలనుకున్నవన్నీ ఇప్పుడు చెప్పు."

"అన్నీనా? సగం తిట్లేనండీ."

"తిట్లతోనే మొదలుపెట్టు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. వాళ్ళ బస్సులు మూడు వచ్చి వెళ్ళిపోయాయి.