ఎత్తుకోవచ్చా అని అడిగిన నాన్న

ఆఫీసులో ఆవిడని అందరూ గోడక్క అంటారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు పెట్టిన పేరే అయినా, ఆవిడ పనితో సంపాదించుకున్నదే. పిల్లలున్న ఇళ్ళకు వెళ్ళడం, ఓ మూల కూర్చోవడం, పెద్దవాళ్ళు బిడ్డతో ఎలా మెలుగుతున్నారో చూసి రాసుకుని మార్కులు వేయడం, అదీ ఉద్యోగం. నవ్వకూడదు, మాట కలపకూడదు. బిడ్డ వచ్చి ఒళ్ళో కూర్చున్నా ఉలకకూడదు, పలకకూడదు. ఇంటికొస్తే మాత్రం ఆవిడ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదని చెల్లెలు అంటూ ఉంటుంది.

అమ్మానాన్నల దగ్గర పెరిగే పిల్లలకూ, ఇద్దరు అమ్మలో ఇద్దరు నాన్నలో పెంచే పిల్లలకూ ఎదుగుదలలో తేడా ఉందా, ఉంటే దేంట్లో? ఈసారి పరిశోధన అది. రెండో రకం ఇళ్ళు దొరకడమే గగనం. గుమ్మం దాకా రానిచ్చి మనసు మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక్క ఇల్లు కూడా చేజార్చవద్దని పరిశోధన నడిపే పెద్ద మేడమ్ మరీ మరీ చెప్పి పంపింది.

ఆ ఇంట్లో ఇద్దరు నాన్నలు, నాలుగేళ్ళ పాప. ఒకాయన ఇళ్ళకు వైరింగు చేస్తాడు, ఇంకొకాయన బేకరీలో పనిచేస్తాడు. పాపకు వాళ్ళు కరెంటు నాన్న, రొట్టెల నాన్న. ఆ రోజు కరెంటు నాన్న వంతు. వయసుకు మించిన బొమ్మ ముక్కలు పాప ముందు పోసి అతకమనాలి. పాప విసిగిపోయినప్పుడు నాన్న ఏం చేస్తాడన్నదే అసలు సంగతి. అది మాత్రం ముందుగా ఎవరికీ చెప్పరు.

ఇల్లు అద్దంలా తుడిచి ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. ఎంత నొక్కినా ముక్క కుదరలేదు. పాప పెదవి వంకర తిరిగింది, ఏడుపు లంకించుకుంది. ఆయన చేతులు లేచాయి. లేచి గాలిలోనే ఆగిపోయాయి. తల తిప్పి గోడక్క వైపు చూశాడు.

ఎత్తుకుంటే గారాబమని రాస్తుందా, ఎత్తుకోకపోతే ప్రేమ లేదని రాస్తుందా? ఆ చూపులో అదే ఉంది. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. లోపలి గది తలుపు దగ్గర రొట్టెల నాన్న ఒక అడుగు వేసి ఆగాడు. ఆవిడ చూసింది చూసినట్టు రాస్తే, ‘బిడ్డ ఏడుస్తుంటే తండ్రి కదలలేదు’ అని రాయాలి. అక్షరాలా జరిగింది అదే. కానీ ఆ మనిషిని అలా కట్టిపడేసింది తనేనని ఆవిడకు తెలుసు. నోరు విప్పితే ఈ ఇల్లు లెక్కలోంచి పోతుంది.

ఆవిడ కలానికి మూత పెట్టింది.

“ఎత్తుకోండి బాబూ. నన్ను అడుగుతారేంటి? మీ పిల్లే కదా.”

ఆయన పాపను లాక్కుని గుండెకు అదుముకున్నాడు. ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చాడు.

“చెడగొట్టానా అండీ?”

“మీరు కాదు, నేను.”

“అయితే మమ్మల్ని తీసేస్తారా?”

ఆవిడ రెండో చెప్పు తొడుక్కుని మెట్లు దిగింది.

పెద్ద మేడమ్ కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది. “ఏ ఇంట్లోనూ తెరవని నోరు అక్కడే ఎందుకు తెరిచావు? జాలా?” అని మాత్రం అడిగింది. జాలే అయితే పని పాడైనట్టే. గోడక్క రాసిన కాగితాలు బల్ల మీద పెట్టింది.

“మిగతా ఇళ్ళలో కొందరు ఎత్తుకున్నారు, కొందరు కసిరారు. నన్ను అడిగి చేసినవాళ్ళు ఒక్కరూ లేరు మేడమ్. వాళ్ళకు నేను గోడని. ఆ ఇంట్లో పోలీసుని.”

ఆ రోజు రాసింది కొట్టేశారు. ఇకమీద ఏ రకం ఇల్లయినా సరే, ముందు కొన్నాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళి కూర్చోవాలి, తర్వాతే కలం తీయాలి. చూసేసిన ఇళ్ళన్నీ మళ్ళీ మొదటినుంచి చూడాలి. గోడ కూలి మా నెత్తిన పడిందని కుర్రాళ్ళు గొణుక్కున్నారు.

ఆవిడ మళ్ళీ రావడానికి రొట్టెల నాన్న ససేమిరా అన్నాడు. ఫోను చేస్తే ఎత్తడం మానేశాడు. చివరికి కరెంటు నాన్నే ఆయనకు నచ్చజెప్పి, రమ్మని కబురు పెట్టాడు. ఆవిడ వెళ్ళింది, కూర్చుంది, వచ్చింది. అలా కొన్నాళ్ళు తిరిగాక ఒక రోజు కలం తీసింది.

ఈసారి వేరే బొమ్మ. పాప విసిగి ఒక ముక్క తీసి ఆయన చెంపకేసి కొట్టింది.

“కళ్ళు నెత్తికెక్కాయేంటే నీకు? పో, నువ్వే అతుక్కో,” అని ఆయన అటు తిరిగి కూర్చున్నాడు. పాపా మూతి ముడిచింది. గదిలో మూడో మనిషి ఉందన్న సంగతే ఇద్దరికీ పట్టలేదు.

‘కసిరాడు’ అని రాసి, ఆవిడ ఒక మార్కు తగ్గించింది. తగ్గించి, పాప ఆయన వీపు ఎప్పుడెక్కుతుందా అని కలం పట్టుకుని కూర్చుంది.