దర్జీ కాలు

మా బావ దర్జీ. మిషను ముందు లేకపోయినా ఆయన కుడిపాదం తొక్కుతూనే ఉంటుంది. భోజనం దగ్గరా అంతే, నిద్రలోనూ అంతే. మంచం ఊగిపోతుంటే మా అక్క, "ఆ కాలు ఆపవయ్యా బాబూ" అని పెళ్లయిన నాటినుంచి వేడుకుంటూనే ఉంది.

కిందటేడు ఆ కాలు దానంతటదే ఆగింది. "మీ బావకి పెద్దరికం వచ్చిందిరా" అని అక్క సంబరపడింది. మిషనుకు మోటారు బిగించుకుంటే సోకనుకున్నాం. తీరా చూస్తే కాలి రక్తనాళం పూడుకుపోయింది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేదట, ఎవరికీ చెప్పలేదు. కత్తెర పడి ఆ కాలి బొటనవేలికి అయిన పుండు మానక నల్లబడితే గాని ఆసుపత్రికి రాలేదు. ముందే చెబితే ఏం పోయేదో! తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రక్తం అందకపోతే పాదం తీసేయాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. పెద్ద కోత అక్కర్లేదట. ఎడమ గజ్జల్లో చిన్న రంధ్రం చేసి, అటునుంచి సన్నటి తీగను కుడికాల్లోకి పంపి, పూడిక దగ్గర బెలూను ఉబ్బించి దారి తెరుస్తారట.

"పైజమాకి నాడా ఎక్కించినట్టన్నమాట," అన్నాడు బావ. "మధ్యలో ఇరుక్కుంటే?"

"వెనక్కి లాగి మళ్లీ ఎక్కిస్తాం. మీరు మాత్రం కదలకూడదు."

అక్క నా వైపు చూసింది. కదలకుండా ఉండడమా, ఈయనా?

బావను లోపలికి తీసుకెళ్లి తలుపు మూశాక నేను కాలు కాలిన పిల్లిలా వరండా అంతా తిరిగాను. టీ కొన్నాను, తాగలేదు. "కూర్చోరా, నువ్వూ మొదలెట్టకు" అని అక్క కసిరింది. తన మోకాలు ఊగుతున్న సంగతి చూసుకోలేదు.

"దారి తెరుచుకుంది. పాదంలోకి రక్తం ఎలా దిగుతుందో చూడాలి," అంది డాక్టరమ్మ బయటికొచ్చి. బావను వార్డులోకి తెచ్చాక, రంధ్రం చేసిన ఎడమకాలు వంచనివ్వొద్దని నర్సు అక్కకు చెప్పింది. అక్క ఆ మోకాలి మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. బావ నిద్రలోకి జారాడు.

కొంతసేపటికి దుప్పటి కింద కుడిపాదం కదిలింది. ముందు వేళ్లు, తర్వాత మడమ. అక్క హడలిపోయి నర్సును పిలిచింది.

నర్సు దుప్పటి తొలగించి పాదం పట్టుకు చూసింది. "వెచ్చబడిందండీ. ఇది ఆడితే పరవాలేదు, అటు కాలే వంచకూడదు."

అయినా నా భయం నాది. ఆ పాదాన్ని ఆపబోయాను. అక్క నా చెయ్యి తోసేసింది. ఏడుస్తోంది.

"ముట్టుకోకు," అంది. "తొక్కనియ్యి."