ఆ యేటి కొత్త ఆరికెలు

డిసెంబరు ఎనిమిదో తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగు గంటలు. మిషను బడి గంట కొట్టడమూ, మొదటి చినుకు నా పలక మీద పడడమూ ఒక్కసారే జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధం ఐదో ఏట నడుస్తోంది. నాకు పదకొండేళ్లు. బేస్తవారిపేటకు రెండు మైళ్ల దూరంలో మా పల్లె. అప్పుడది కర్నూలు జిల్లా.

ఆ ముసురు ఆదివారం దాకా విడవలేదు. మా చేలో వేసింది ఆరికె, మెట్టన పండే చిరుధాన్యం. సగం అప్పటికే నూర్చి ఇంటికి తెచ్చారు. మిగతా సగం కోసిన పనలు నేలమీదే తడిశాయి. నాయన అంతవరకు ఒకరి చేలల్లో కూలికి పోయినవాడే. ఆ యేడే మొదటిసారి మూడెకరాల మెట్ట కౌలుకు తీసుకున్నాడు. క్రిస్మస్ నాడు ఇంట్లో సొంత గింజ ఉడకాలని వేసవి నుంచీ అంటూనే ఉన్నాడు.

వాన వెలిసినాక తడిసిన పనలు విప్పి ఎండబెట్టి నూర్చారు. చూడడానికి గింజ బాగానే ఉంది. గుప్పిట్లోకి తీసుకుంటే మాత్రం పాత గోనెపట్టా వాసన.

"ఎండకు పోతుందిలే" అంది అమ్మ.

వానకు ముందువి గంపలో ఉన్నాయి. వాన తరవాతవి బానలో పోశారు.

ఆరికె సంగతి మా వైపు పిల్లలకు కూడా తెలుసు. కోత మీద తడిసిన ఆరికె మత్తు పెడుతుంది. తిన్న మనిషి తాగినవాడిలా తూలుతాడు, వాంతులు చేసుకుంటాడు, చేతులు వణుకుతాయి. పశువైతే పడిందే పడక. అందుకని కొత్త గింజలు నాలుగు ముందుగా కోడికి వేసి, తెల్లవారి దాన్ని చూసి, ఆ తరవాతే పొయ్యి మీద పెట్టడం ప్రతి ఇంట్లోనూ ఉంది. మా ఇంట్లో దానికి తోడు ఇంకో కట్టు ఉండేది. నాయనను కన్న మా అవ్వ పెట్టిన కట్టు అది. కోతపండగకు ప్రార్థన గుడిలో ఇచ్చే కానుక కొలిచేదాకా కొత్త గింజ మనిషి నోటికీ పోకూడదు, కోడి నోటికీ పోకూడదు.

పంతొమ్మిదో తేదీ ఆదివారం కానుక కొలిచారు. దేవునికిచ్చేది మేలైనది కావాలి గనక నాయన గంపలోవి కొలిచాడు, మిగతావి విత్తనానికి కట్టిపెట్టాడు. కొలవగా చేటలో మిగిలిన గింజలు అవ్వ నల్లపెట్ట ముందు చల్లింది. తెల్లవారి అది దిబ్బ మీద గీరుకుంటూ తిరుగుతోంది.

"చూసినావా మా, నీ కోడి చిందులేస్తా ఉంది" అన్నాడు నాయన.

"చిందులెయ్యడానికి అదేమన్నా నీ పెండ్లికొచ్చిందా? గుడ్డు పెట్టిందేమో చూడుపో."

పెట్టింది. ఇంక అనుమానం లేదనుకున్నారు. కోడి తిన్నది గంపలోవి, మేము తినబోయేది బానలోవి అన్న మాట ఆ రోజు ఎవరికీ తట్టలేదు. ఇల్లు ఒకటే, చేను ఒకటే, పంట ఒకటే. కోడి ఒకసారి చెప్పింది.

ఇరవై నాలుగు, శుక్రవారం మధ్యాహ్నం పొదిలి వైపు నుంచి అక్క, బావ వచ్చారు. అప్పట్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గు మంట మీద నడిచేవి. ఇద్దరి మొహాలూ మసి. అక్కకు ఏడో నెల. అంతకు ముందు రెండు కడుపులు నాలుగో నెల దాటకుండానే పోయాయి. ఇది నిలబడింది. అమ్మ గుమ్మంలోనే దాని పొట్ట మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉండిపోయింది.

"అత్త పంపనంది మా. పండగ మూడు రోజులే, ఈ కడుపు కూడా దారిలో పారేసుకోని రావద్దు అని చెప్పి పంపింది" అంది అక్క నవ్వుతూనే.

"మీ యమ్మ నోట్లో నిప్పులు పొయ్య" అంది అవ్వ బావతో.

"పొయ్యి అవ్వా. నాకూ కొంచెం నిమ్మళంగా ఉంటాది" అన్నాడు బావ. అందరం నవ్వాం.

ఆ సాయంత్రం మా ఇంటి వాసన నాకిప్పటికీ ముక్కుపుటాల్లో ఉంది. సజ్జపిండి అరిసెలకు బెల్లం పాకం ఉడుకుతోంది. అవ్వ చెంబు నీళ్లలో ఒక బొట్టు వేసి, వేళ్లతో నొక్కి, ఉండ కట్టేదాకా దించనివ్వలేదు. అక్క అరిసెలు తడుతుంటే బావ వెనక నుంచి ఒక్కొక్కటే మాయం చేస్తున్నాడు. నువ్వులు నా వంతు. అమ్మ వసారాలో ఆరికెలు విసురుతోంది. ఆ పొట్టు గట్టిది. తిరగలిలో విసిరి, రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచాలి. పొట్టు పూర్తిగా పోయిందో లేదో చూడడానికి మధ్యమధ్య నోట్లో వేసుకుని నమిలింది.

దీపాలు పెట్టే వేళకు అమ్మ రోకలి గోడకు ఆనించి కూచుంది.

"ఏంది మా?" అన్నాను.

"ఏం లేదు. కండ్లు తిరిగినాయి. పొయ్యి పొగ."

చెరిగిన తవుడు కుడితిలో కలిపి బర్రెదూడకు పెట్టింది. మిగిలింది కోళ్లకు చల్లింది.

పండగ పొద్దున నేను కోళ్ల గంప ఎత్తితే రెండు పెట్టలు బయటికి రాలేదు. మెడలు నేలకు వాల్చి కూచున్నాయి. దూడ కూడా లేవలేదు. దాని చెవులు అదురుతున్నాయి. అమ్మతో చెప్పాను.

"పండగ పూట కోళ్లను లెక్కబెట్టబాకే. జడేసుకోపో."

నాయన వచ్చి దూడ మూతి పట్టుకుని చూశాడు. "తడి గడ్డి మేసింటాది" అన్నాడు. అవ్వ కూడా వచ్చి చాలాసేపు నిలబడింది. "మొన్న కోడి బాగానే ఉండె గదా" అని తనలో తనే అనుకుంది. గుడి గంట కొట్టారు. అందరం పోయాం.

మధ్యాహ్నం పంక్తి వేశారు. యాటకూర, గోంగూర, నెయ్యి. కుండలో ఆరికెబువ్వ. అక్క కోసం మాత్రం అమ్మ సేరు బియ్యం దాచి విడిగా వండింది.

"అందరికీ నాయన పండించింది. నాకు మాత్రం అంగడి బియ్యమా?" అని అక్క విస్తరి జరిపింది.

"నీకు వేడి చేస్తాదే" అంది అమ్మ.

"నాయన చేను నాకు వేడి చేస్తాదా?"

నాయన మొహం వెలిగింది. అవ్వ గరిటె తీసుకుని, "తిననీలే, కోడి సాక్ష్యం చెప్పిందిగా" అంటూ తనే వడ్డించింది. అక్క మొత్తం తిని ఇంకోసారి పెట్టించుకుంది. అంత ఇష్టంగా అది తినగా నేను చూడడం అదే కడసారి.

మొదట లేచింది బావ. గోడ పట్టుకుని నవ్వుతూ, "మామా, కూరలో సారా పోసినావా ఏంది?" అన్నాడు. అదే నవ్వుతో వాకిట్లోకి పోయి బోర్లా పడ్డాడు. తరవాత నేను వాంతి చేసుకున్నాను. నేల నా కాళ్ల కింద పడవలాగా ఊగడం గుర్తుంది. నాయన చేతిలో చెంబు గడగడలాడింది. కొట్టంలో దూడ అప్పటికే చచ్చి ఉంది.

అవ్వ కూచున్నచోటు నుంచి కదలకుండా అడిగింది.

"వండింది యాడివే?"

"బానలోవి" అంది అమ్మ.

"కోడికేసింది?"

నాయన చెప్పాడు. "గంపలోవి. దేవునికి మంచివి పెడదామని."

అక్క రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని, "మా, ఇది గట్టిగా అవుతా ఉంది" అంది.

ఎదురింటివాళ్లు చింతపండు పిసికిన నీళ్లు తెచ్చి అందరిచేతా తాగించారు, కక్కించారు. అక్క కక్కిన కొద్దీ దాని పొట్ట బిగుసుకుంది. పొద్దు వాలకముందే వాళ్ల బండి కట్టి, గడ్డి పరిచి, అక్కను పడుకోబెట్టి కంభం ఆసుపత్రికి తోలారు. బావ లేచి నిలబడలేక బండి పట్టె పట్టుకుని కూచున్నాడు. అమ్మ అక్క తలను ఒళ్లో పెట్టుకుంది. నన్నెక్కించుకోలేదు. బండి పోతుంటే అక్క నా వైపు చూసి, "అరిసెలు మూత పెట్టు, చీమలు పడతాయి" అంది.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు బండివాడు ఒక్కడే తిరిగొచ్చాడు. నాయన ఎదురు పోలేదు. వాకిట్లో నిలబడి, అతను ఎడ్లను విప్పి, నీళ్లు పెట్టి, తలపాగా తీసేదాకా చూశాడు. తలపాగా తీయడంతోనే తెలిసింది.

మా కానుక ఆరికెలను గుడి దగ్గర వేలంలో పాడుకున్నవాళ్లు అవే పండగ నాడు వండుకున్నారు. వాళ్లింట్లో ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు.

పోయినవి ఇవి. బర్రెదూడ ఒకటి. పెట్టలు నాలుగు, పుంజు ఒకటి. బానలోని ఆరికెలు ఎనిమిది తూములు. పశువుల మూతికి అందకుండా గుంట తీసి పూడ్చాము. కౌలుకు తీసుకున్న మూడెకరాలు. ఉగాదికి నాయన తిరిగి అప్పజెప్పి కూలికి పోయాడు. అక్క మళ్లీ ఏ పండగకూ పుట్టింటికి రాలేదు. దాని కొడుకు ఏడో నెలలో పుట్టాడు, ఏడవలేదు. ఆ తరవాత దానికి కడుపు నిలవలేదు.