కప్పు నాది అనే అవ్వ

మా ఇంటి ఓనరవ్వ పోయింది. బ్రూస్‌పేటలో ఆమె ఇల్లూ మేము బాడిగకున్న ఇల్లూ ఒకే మట్టిమిద్దె కింద ఉంటాయి, మధ్యన ఒక్క గోడ. ఆ రోజు పొద్దున పాలు కాస్తుంటే ఆ గోడ అవతల ఆమె కోడలి ఏడుపు వినపడింది. స్టవ్ ఆర్పేసి వాళ్ళింట్లోకి పరుగెత్తాను.

మేము బాడిగకు దిగిన రోజే అవ్వ బాధ్యతలు పంచేసింది. "కప్పు, గోడ, మురుగు పొయ్యే మోరి నావి. బల్బు, కొళాయి, తలుపు గడియ నీవి. గడియ ఊడిందని నన్ను పిలవాకు. కప్పు కారితే మాత్రం పిలవకుండా ఉండాకు." స్టాంపు పేపరు మీద ఏం రాసుకున్నామో నాకొక్క ముక్కా గుర్తులేదు. ఇది మాత్రం గుర్తుంది.

వానలకు ముందు ఏటా ఆమె మిద్దె మీదికి చౌడు తెప్పించేది. చౌడంటే పైరు రాని ఉప్పుమన్ను. పరిచి తొక్కితే వాన నీళ్ళను కిందికి దిగనివ్వదు. కూలీలున్నా సరే, చీర ఎగ్గట్టుకుని తనే నిచ్చెన ఎక్కేది. కొడుకు కింద నుంచి అరుస్తూనే ఉండేవాడు.

మా అత్తమ్మది హచ్చొళ్ళి. అక్కడ వాళ్ళది సిమెంటు మిద్దె. పైగా ఆమెకు శుభ్రం పిచ్చి. మా దగ్గరికి వచ్చిన మొదటి ఎండాకాలం, వడియాలు పెడతానని మిద్దెక్కి, "ఛీ, ఇంత దుమ్మా!" అని, అప్పుడే పరిచిన చౌడునంతా శుభ్రంగా ఊడ్చి వీధిలోకి తోసేసింది. అవ్వ బయటికొచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. ఇక ఇల్లు ఖాళీ చేయమంటుందనుకున్నాను.

"మళ్ళీ మేమే వేయిస్తామవ్వా" అన్నాను.

"నువ్వెందుకు ఏపిస్తావు? కప్పు నాదని చెప్పలేదా? మన్ను నేను తెప్పిస్తా." అంతలోనే అత్తమ్మ వైపు తిరిగింది. "ఏమ్మే హచ్చొళ్ళామె, ఊడ్చిన చేతులు మాత్రం నీవే. రా పైకి!"

సాయంత్రానికి ఇద్దరూ మిద్దె మీద ఒకే తట్టలో బొరుగులు తింటూ కనిపించారు. కోడల్ని, నన్ను చూసిపోను రమ్మంటే పొలం పనులుండాయనే మా అత్తమ్మ, చౌడు పరిచేటప్పుడు మాత్రం ఏటా తప్పకుండా దిగేది.

చినుకు పడిందంటే గోడ మీద తట్టుడు వినపడేది. "యాడన్నా కారతాండాదా?" లేదవ్వా అని నేను గట్టిగా చెప్పాకే ఆమె తనింట్లో చూసుకునేది. నిద్రలో ఉన్నా, వంటలో ఉన్నా జవాబు చెప్పాల్సిందే. ఒక్కోసారి విసుగొచ్చేది. ఇప్పుడు ఆ తట్టుడు కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

ఈ ఏడు ఆమె తెప్పించిన చౌడు వాకిట్లో కుప్పగా అట్లే ఉండిపోయింది. దినకర్మలయ్యాక కొడుకు వచ్చి, "అక్కా, అమ్మ ఉన్నప్పటి మాదిరే ఉండండి. ఈ మన్ను పరిచేది మాత్రం నాకు తెల్దు" అన్నాడు. చూస్తే ఆకాశం నిండా మబ్బులు. ఇల్లు కారితే ఎవరిని పిలవాలో తోచక కుప్ప దగ్గరే కూర్చున్నాను.

మర్నాడు అత్తమ్మ చెప్పా పెట్టకుండా బస్సు దిగింది. నేరుగా గంప అందుకుంది.

"కప్పు ఓనర్లది కదత్తమ్మా" అన్నాను, ఏడుపు ఆపుకోవడానికి.

"ఉండనీలే. చేతులు నావే గదా."

అవ్వ కొడుకు కింద నుంచి గంపలు అందించాడు. అవ్వ ఎట్లా తొక్కేదో అత్తమ్మ నాకు చూపించింది. ఇద్దరం కళ్ళు తుడుచుకుంటూనే పరిచాం.

నిన్న మధ్యాహ్నం వాన గట్టిగా కొట్టింది. వంటిల్లు, నడిమిల్లు, మూలలన్నీ తిరిగి చూశాను. ఒక్క చుక్క కూడా కారలేదు. అలవాటుగా గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎవరూ తట్టలేదు.

"యాడా కారలేదవ్వా" అని గోడకే చెప్పాను. పైన మిద్దె మీద వాన పడుతూనే ఉంది.